ట్రాన్స్ గడిలో ఆరు

బుల్లియ్య శవం సోమవారం పొద్దున్నే ఓడలరేవు దగ్గర వలలో పడింది. వేటకెళ్ళి పడవ మీంచి జారిపోయాడని ఊరంతా అనుకుంది. వీపులో రెండు బుల్లెట్లున్న సంగతి డాక్టరుకీ, ఢిల్లీకీ, ఏజెంట్ జయపాల్‌కీ మాత్రమే తెలుసు.

"నమూనా" అన్నారు చీఫ్ శరత్‌చంద్ర, సెక్యూర్ లైన్లో. "మన లిస్టు దొంగిలించిన ముఠా, కొనేవాళ్ళకి రుజువు చూపించడానికి బుల్లియ్య పేరు ఒక్కటి బయటపెట్టింది. మిగతా పన్నెండూ బుధవారం దేశం దాటుతున్నాయి."

కోడ్‌నేమ్ పూతరేకు. సముద్రంలో కొత్త పడవ కనబడితే ఫోన్ కొట్టే పదమూడు మంది జాలర్ల లిస్టు అది. వాళ్ళకి ఐడీ కార్డు లేదు, తుపాకీ లేదు, ఆఖరికి ఒక టోపీ కూడా లేదు. ఆ లిస్టు అవతలి ఒడ్డుకి చేరిందా, ఇంకో పన్నెండు ఇళ్ళలో ఏడుపే.

"ఎలా వెళ్తోంది సార్?"

"చిప్. నెట్ అంటే వాళ్ళకి భయం. వివరాలు ఆశాజ్యోతి చెబుతుంది."

"ఆవిడ మన మనిషా, వాళ్ళ మనిషా?"

"ఇద్దరి మనిషీను. బయల్దేరు."

మంగళవారం కడియం. మొక్కలు కొనడానికొచ్చిన రాయపూర్ వ్యాపారి వేషంలో, అంటించిన మీసంతో, జయపాల్ క్రోటన్ల మధ్య నిలబడ్డాడు. ఎండకి మీసం ఒక పక్క ఊడుతోంది.

"తెల్ల మందారం దొరుకుతుందాండీ?"

"ఈ ఏడు తెగులు తగిలిందండీ."

కోడ్ సరిపోయింది. ఆశాజ్యోతి నల్లకళ్ళద్దాలు నెత్తిమీదకి తోసుకుంది. పైకి పాతకార్ల ప్రదర్శనలు నడిపే ఈవెంట్ మేనేజర్. ఆ బురదలో హైహీల్స్ వేసుకుని ఎలా నడిచొచ్చిందో ఆ దేవుడికే తెలియాలి.

"మూడు కార్లు. 1965 అమెరికన్ మోడల్. మూడూ తెలుపే. కాకినాడ పోర్టు నుంచి విదేశంలో షోకి వెళ్తున్నాయి. ఒకదాని గేర్‌బాక్స్‌లో చిప్ ఉంది."

"ఏ కారులో?"

"డ్రైవర్ డోర్ అంచున చిన్న రేకు ప్లేటుంటుంది. అందులో ట్రాన్స్, అంటే గేర్‌బాక్స్ రకం, అన్న గడి చూడండి. అయిదంటే మాన్యువల్, ఆరంటే ఆటోమేటిక్. ప్లేటు ఒకటి చెప్పి, లోపల ఇంకోటుంటే అదే మీ కారు."

ఇంత తేలిగ్గా చెప్పేసిందేమిటా అని జయపాల్‌కి అనుమానం రావాల్సింది. రాలేదు. అందమైనవాళ్ళు చెబితే లెక్కలు కూడా ఇట్టే అర్థమవుతాయి మరి.

బుధవారం పది గంటలకి, అదే మీసంతో, పోర్టు. పదకొండుంబావుకి ఓడ కదులుతుంది. విదేశీ ఓడ, రుజువు చేతికి రాకుండా ఓడనీ కార్లనీ ఆపొద్దని ఢిల్లీ ఆర్డరు. క్రేన్ వచ్చేలోపు ఏది విప్పగలిగితే అదే దక్కుదల. రాజమండ్రి లారీ షెడ్డు నుంచి చినబాబు అనే ముసలి మెకానిక్‌ని వెంట తెచ్చుకున్నాడు.

మొదటి కారు డోరు తీశాడు. ట్రాన్స్ గడిలో ఆరు. ఆటోమేటిక్. కింద చూస్తే మూడు పెడల్స్, ఆటోమేటిక్‌కి ఉండకూడని క్లచ్‌తో సహా. జయపాల్ గుండె ఎగిరి గంతేసింది.

"ఇదే! విప్పండి చినబాబు గారూ!"

"ఇదాండీ?"

"ఇదే!"

"సరేనండి. మీ ఇష్టం."

గోదావరి మనిషి 'మీ ఇష్టం' అన్నాడంటే ఒక్క క్షణం ఆగాలి. జయపాల్ ఆగలేదు.

యాభై నిమిషాలు పట్టింది. పళ్ళచక్రాలు, గ్రీజు, ఇంకా గ్రీజు. ఢిల్లీవాళ్ళిచ్చిన పాము కెమెరా లోపలికి దూర్చితే అది కూడా గ్రీజే చూపించింది.

పరుగెత్తి రెండో కారు డోరు తీశాడు. గడిలో ఆరు. మూడు పెడల్స్. ఇదీ మార్చిందే! మూడోది తీశాడు. గడిలో ఆరు, రెండే పెడల్స్, శుభ్రమైన ఆటోమేటిక్. ప్లేటుతో అచ్చంగా కలిసింది. అంటే రెండోదే. దాన్ని విప్పడానికి ఇంకో యాభై నిమిషాలు కావాలి. ఉన్నవి పదిహేను.

జయపాల్ సిమెంటు నేలమీద కూలబడిపోయాడు. రాజేంద్ర. మణి. సత్తిబాబు. పన్నెండు పేర్లూ నోటికొచ్చు. అందరి ఇళ్ళలోనూ చేపల పులుసు తిన్నాడు. అందరికీ మాటిచ్చాడు. అయిపోయింది. ఇక చేసేదేం లేదు. ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

చినబాబు చేతులు తుడుచుకుంటూ పక్కన కూర్చున్నాడు. "ఏంటండీ, దేనికోసం వెతుకుతున్నారసలు?"

"ప్లేటుతో కలవని గేర్‌బాక్స్."

"అయ్యబాబోయ్! ఈ చుట్టుపక్కల ఏ కారుకి కలుస్తుందండీ? ఆటోమేటిక్ పాడైతే బాగుచేసే నాథుడు లేడు. పీకి పారేసి జీపు గేర్‌బాక్స్ వేసేసేవాళ్ళం. ఈ రెండిట్లో ఒకటి నా చేత్తో వేసిందే. నలభై ఏళ్ళలో ఇటువైపు నడిచే ఆటోమేటిక్ ఒక్కటీ చూళ్ళేదు నేను. ఆ మూడోదేనండీ నాకు తేడాగా ఉంది. ఎవరో ప్లేటు చదివి, పుస్తకం ప్రకారం తెచ్చి బిగించారు."

"ముందే చెప్పొచ్చు కదండీ!"

"మీరు అడగలేదు కదండీ. విప్పమన్నారు, విప్పాను."

జయపాల్ లేచి పరుగందుకున్నాడు. ఆటోమేటిక్ మొత్తం దింపక్కర్లేదు, ఏదైనా దాచాలంటే అడుగునున్న ఆయిల్ పాన్ ఒక్కటే చోటు, అది ఊడదీస్తే చాలన్నాడు చినబాబు. పద్నాలుగు బోల్టులు. క్రేన్ గొలుసు ముందు చక్రాలకి తగిలించేస్తున్నారు. పన్నెండో బోల్టుకి స్పానర్ జారింది. పదమూడు. పద్నాలుగు. ఎర్రటి ఆయిల్ జయపాల్ మొహం మీద కుమ్మరించినట్టు పడింది, మీసం కొట్టుకుపోయింది. పాన్ అడుగున మైనం ముద్ద, అందులో చిప్. అతను పక్కకి దొర్లీ దొర్లకముందే కారు గాల్లోకి లేచింది.

గేటు దగ్గర మహిళా పోలీసులు ఆశాజ్యోతి చేతికి బేడీలు వేశారు.

"ఇంకే ఊళ్ళో చెప్పినా చెల్లేదండీ ఆ అబద్ధం" అని నిట్టూర్చిందావిడ.

మధ్యాహ్నం బుల్లియ్య భార్య సుబ్బాయమ్మకి ఫోన్ చేశాడు జయపాల్. లిస్టు దొంగల చేతిలో పడబట్టే బుల్లియ్యని కాల్చారని మంగళవారం రాత్రే ఆమెకి చెప్పేశాడు; ఇప్పుడు మంచిమాట ఒక్కటైనా చెప్పాలనిపించింది.

"మిగతా పన్నెండు మందికీ ఇక భయం లేదండీ."

"మంచిదేనండి" అందామె. "ఒక్కమాట అడగనాండీ? చదువురాని వాళ్ళం, మా వాళ్ళు ఎక్కడా సంతకం పెట్టలేదు. మరి వాళ్ళ పేర్లు వరసగా రాసిపెట్టిందెవరండీ?"

నెలాఖరు రిపోర్టుకి ఆఫీసు అడిగితే ఒక ఆదివారం కూర్చుని, ఇంటిపేర్లతో సహా ఆ లిస్టు టైపు చేసింది జయపాలే.

"సిగ్నల్ సరిగ్గా లేదమ్మా" అన్నాడు.

ఫోన్లో గీతలు నాలుగూ నిండుగా ఉన్నాయి.