గొడుగు ఎటు వాలింది?

ఆ స్టడీ రూములో ఫ్యాను ఎంత నింపాదిగా తిరిగేదంటే, దాని రెక్క మీద ఒక సాలీడు గూడు కట్టి, పిల్లల్ని పెంచి, వాటికి సంబంధాలు కూడా కుదిర్చిందని చెప్పుకునేవారు. ఆ ఫ్యాను కిందే పోటీ పరీక్షల వాళ్లు వ్యాసాలు రాసేవారు. కాగితం మీద పేరు ఉండకూడదు. రాయడం అయ్యాక బల్ల మీద బోర్లా పెట్టాలి. ఎవరి చేతికి ఏది దొరికితే దాన్ని ఎర్ర సిరాతో దిద్దాలి. ఎవరు రాశారో తెలిస్తే కలం మొహమాటపడుతుందని ఆ గది నడిపే మాస్టారి నమ్మకం.

అక్కడ ఒక కుర్రాడికి ‘తక్కెడ’ అని పేరు పడింది. "ఒక వైపు చూస్తే" అని మొదలుపెట్టి, "మరో వైపు చూస్తే" అని సాగదీసి, "రెండూ ఆలోచించదగినవే" అని చేతులు దులుపుకునేవాడు. ఇల్లు తగలబడుతుంటే నిప్పు తరఫున కూడా నాలుగు వాక్యాలు రాస్తాడని తోటివాళ్లు ఏడిపించేవారు.

అవతలి బెంచీలో కూర్చునే అమ్మాయి ‘జడ్జమ్మ’. ఆమె వ్యాసంలో మొదటి వాక్యమే తీర్పు. తర్వాతివన్నీ శిక్ష అమలు.

అలా రాసే రెండుసార్లు వ్యాసం పేపరు దగ్గర బోల్తా పడింది. వయసు దాటిపోతోంది కనుక ఇక ఆమెకు మిగిలింది ఒక్క అవకాశమే. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు.

ఆ రోజు అంశం ‘అభివృద్ధి, నిర్వాసితులు’. తక్కెడ చేతికి వచ్చిన కాగితం, "రోడ్డు వెడల్పు చేయడమంటే పేదవాడి పొట్ట కొట్టడమే" అని మొదలైంది. రాసిందెవరో తెలియడానికి సోది అడగక్కర్లేదు. మధ్యలో ఒక వాక్యం ఉంది: "దుకాణంలో సగం పోయినా ఆ దర్జీ మిగిలిన సగంలో కూర్చుని కుడుతూనే ఉన్నాడు." అతను దాని కింద గీత గీసి, పక్కన రాశాడు: "ఆధారం ఏది? ఇది వ్యాసం, కథ కాదు."

కాగితం చేతికి తిరిగి వచ్చిన మరుక్షణం ఆమె అతని బల్ల ముందుంది.

"దిద్దింది మీరేనా?"

"పేర్లు చెప్పుకోకూడదని రూలు కదండీ..."

"చెప్పక్కర్లేదు. ఇంత చప్పగా దిద్దేది మీరొక్కరే. లేవండి."

"ఎక్కడికి?"

"ఆధారం అడిగారుగా, చూపిస్తాను."

ఒక వైపు చూస్తే వెళ్లాలని ఉంది. మరో వైపు చూస్తే... అతను రెండో వైపు చూసేలోపే కాళ్లు మెట్లు దిగిపోయాయి.

బయట వాన. ఆమె గొడుగు తెరిస్తే అతను అందుకుని ఇద్దరికీ పట్టాడు. దారంతా వాన ఇద్దరి బదులూ తనే మాట్లాడుతున్నట్టు గట్టిగా కురిసింది.

పెద్ద రోడ్డు పక్కన ఆ దుకాణం కోసిన బ్రెడ్డు ముక్కలా నిలబడి ఉంది. ముందు భాగం రోడ్డులో కలిసిపోయింది. మిగిలిన చోటులో ఒక కుట్టుమిషన్, ఒక స్టూలు, గోడకో అద్దం. అద్దంలో చూసుకోవాలంటే కస్టమరు ఫుట్‌పాత్ మీద నిలబడాలి. కత్తిరించే బల్లకు చోటు లేక, దర్జీ గుడ్డను మోకాళ్ల మీదే పరుచుకుని కత్తెర ఆడిస్తున్నాడు.

"నాన్నా, ఈయన మా రూములో చదువుతారు. నువ్వు నిజంగా ఉన్నావో లేదో చూడ్డానికొచ్చారు."

"బాగున్నారా బాబాయ్?" అన్నాడు తక్కెడ.

ఆమె పక్కనుంచి గొణిగింది. "మా నాన్న మీకు బాబాయ్ అయితే నేనేమవుతానో ఆలోచించారా?"

ఆలోచించాడు. అంత వానలోనూ చెమట పట్టింది.

అంతలో సైరన్ వినిపించింది. దర్జీ మొహం గట్టిపడింది. కత్తెర పక్కన పడేసి, సైరన్ చప్పుడు తన దాకా రాకూడదన్నట్టు మిషన్ జోరుగా తొక్కాడు. అంబులెన్స్ దాటిపోయేదాకా ఆ కాలు ఆగలేదు.

"రోడ్డు దానికోసమేనట బాబూ. అలా చెప్పే పడగొట్టారు. సామాను సర్దుకోడానికి ఒక్క పూట ఇచ్చారు."

తక్కెడ తల వంచుకున్నాడు. తిరుగు దారిలో ఆమే అడిగింది.

"ఈ ఆధారం చాలుతుందా?"

"ఇందాక వెళ్లిన ఆ బండి మా నాన్న నడుపుతాడు," అన్నాడు.

ఆమె ఆగిపోయింది.

"ఈ రోడ్డు ఇరుకుగా ఉన్నప్పుడు ఇదే మలుపులో ఇరుక్కుపోయాడు. లోపల ఒకావిడ, పక్కన ఆవిడ పిల్లలు. దారి దొరికేసరికి ఆవిడ పోయింది. ఆ రోజు మా నాన్న ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే కూర్చుండిపోయాడు."

వాన గొడుగు మీద పడుతూనే ఉంది.

"ఇన్ని వ్యాసాలు రాశావు. ఇది ఒక్కదాంట్లోనూ లేదే?" అందామె. మీరు కాస్తా నువ్వు అయింది. ఇద్దరూ గమనించలేదు.

"సొంత గోడు రాస్తే పక్షపాతం అంటారని."

"అందుకని రెండు వైపులా చూస్తున్నట్టు నటిస్తూ ఎటూ చూడవా?"

"నువ్వు మాత్రం? ఒక వైపు చూసి, రెండో వైపు తలుపు వేసేస్తావు."

దెబ్బ తగిలింది. ఆమె అతన్ని కొలతలు తీసే దర్జీ కూతురి చూపుతో చూసింది.

"నీ కుడి భుజం కిందికుంది తెలుసా? ఎవరికైనా ఒకటి వాలే ఉంటుంది. కొలతప్పుడు దాచుకుంటే చొక్కా వంకరగా కూర్చుంటుంది. ఒప్పుకుంటే సరిగ్గా కుదురుతుంది."

మర్నాటి నుంచి ఆమె అంబులెన్స్ తరఫున కూడా రాసేది, అతను దుకాణం తరఫున కూడా. "మీ నాన్నకి ఒక్క వాక్యం చాలు. తర్వాత నోటీసు గడువు, పరిహారం రాయి" అని అతను దిద్దితే, "ఇంకోసారి ‘అనుకోవచ్చు’ అన్నావంటే కలం లాక్కుంటా. నువ్వేమనుకుంటున్నావో చివర్లో చెప్పి చావు" అని ఆమె దిద్దేది. ఎవరి వ్యాసం ఎవరిదో పోల్చుకోలేక మాస్టారు కళ్లద్దాలు మార్పించుకున్నారని వినికిడి.

పరీక్షలో అంశం ‘సమాజ ప్రయోజనం, వ్యక్తి నష్టం’. తీర్పుతో మొదలెట్టబోయిన కలాన్ని ఆమె ఆపింది. బండిలో పోయిన తల్లితో మొదలుపెట్టింది. తర్వాత సగం దుకాణం, ఒక్క పూట గడువు. ఆఖర్న, రోడ్డు వేయాల్సిందేనని, పడే గోడ వెనకున్న మనిషికి ముందుగా చెప్పి, వేరే చోటు చూపించాకే వేయాలని రాసింది.

ఆ సాయంత్రం తండ్రి దగ్గర నిలబడి, ఇరుకు రోడ్డులో బండిలోనే పోయిన తల్లి గురించి, ఆ బండి నడిపిన తక్కెడ నాన్న గురించి చెప్పింది.

"నాన్నా, రోడ్డు కావాలనే రాశాను."

ఆయన దారం కొరికి, సూదిలోకి ఎక్కించడానికి చాలాసేపు తీసుకున్నాడు.

"ఆ తల్లి పిల్లలు... చిన్నవాళ్లా?"

"చిన్నవాళ్లేనట నాన్నా."

ఆయన తల వంచి కుట్టు మొదలుపెట్టాడు. ఆ మౌనం ఆమెను ఫలితాల రోజుదాకా వెంటాడింది.

ఫలితాల్లో ఆమె నెగ్గింది. తక్కెడ వెంట్రుకవాసిలో తప్పాడు. అయినా దుకాణానికి వచ్చి, ఫుట్‌పాత్ మీద అద్దం ముందు నిలబడ్డాడు.

"కంగ్రాట్స్. ఒక వైపు చూస్తే నువ్వు ఆఫీసరువి. మరో వైపు చూస్తే నేనింకో ఏడాది..."

"తక్కెడా, ఆపు. ముగింపు చెప్పు."

వెనక మిషన్ చప్పుడు కొంచెం తగ్గింది.

"నువ్వంటే నాకిష్టం. దీనికి రెండో వైపు లేదు."

ఆమె కళ్లు నిండాయి. అయినా జడ్జమ్మ జడ్జమ్మే. "ఆధారం ఏది?"

జవాబు మిషన్ దగ్గర్నుంచి వచ్చింది.

"మొదటిసారి వచ్చినప్పుడు గొడుగు ఇతని చేతిలో ఉందే. ఎడమ భుజం తడిసి ముద్దయింది. నీ మీద చుక్క పడలేదు. ఇంకేం ఆధారం కావాలే నీకు?"

తక్కెడ తన భుజాన్ని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసుకున్నాడు.

"అబ్బాయ్, ఇప్పుడైనా ఆ బాబాయ్ అనడం మానేస్తావా?"

"మానేస్తాను... మావయ్యా."

దూరంగా సైరన్ మోగింది. దర్జీ పెడల్ మీద నుంచి కాలు తీశాడు. మిషన్ ఆగింది. బండి మలుపు తిరిగి, ఎక్కడా ఆగకుండా వెళ్లిపోయేదాకా ఆయన అటే చూశాడు.

"మీ నాన్నేనా?"

"అవునండీ."

"డ్యూటీ దిగాక తీసుకురా. కూర్చోడానికి చోటు లేదు. నిలబడే మాట్లాడుకుంటాం."