ఎడమవైపు బోల్ట్

"వాణ్ణి పట్టుకోవద్దు. వాడికి సరుకు అమ్ము," అన్నాడు నాగేశ్వరయ్య.

పుట్టపర్తిలో ఒక లాడ్జి గది. తెల్లపంచె కట్టి, మెడలో రుద్రాక్షమాల వేసుకుని భక్తుడి వేషంలో ఉన్న చీఫ్ ముందు గిరి నిలబడి ఉన్నాడు.

"పేరు జాయ్. విదేశీ ముఠా పంపిన స్నైపర్. టార్గెట్, డ్రోన్ల సైంటిస్ట్ సుదర్శన్. ఎల్లుండి రాప్తాడు దగ్గర టెస్టింగ్ సెంటర్ ప్రారంభానికి వస్తున్నాడు. జాయ్ రైఫిల్ విడిభాగాలుగా దేశంలోకి వచ్చింది. బారెల్ వాడికి చేరింది, స్టాక్ చేరింది. యాక్షన్ మాత్రం రేవులో మనకు చిక్కింది."

యాక్షన్ అంటే రైఫిల్‌కి గుండెకాయ. తూటాను లోపలికి నెట్టి బిగించేదీ, పేలాక ఖాళీ తొడుగును బయటికి విసిరేదీ అదే. అది లేని రైఫిల్ ఉత్త ఇనుప గొట్టం.

"దొంగసరుకు అమ్మే గన్‌స్మిత్‌గా నువ్వు మూడు కస్టమ్ యాక్షన్లు చూపించు. మూడింటిలోనూ వెనక్కీ ముందుకీ లాగే బోల్ట్ ఉంటుంది కదా, ఆ బోల్ట్ పిడుల్లో ట్రాన్స్‌మిటర్లు ఉన్నాయి. వాడు ఎక్కణ్ణుంచి కాలుస్తాడో తెలియాలి. మన కదలికలు వాడికి ఎవరు చేరవేస్తున్నారో కూడా తెలియాలి."

"వాణ్ణి నా దగ్గరికి తెచ్చేదెవరు సార్?"

"లక్ష్మీప్రసన్న."

గిరి మొహం చిట్లించాడు. విదేశీయులకు యోగా నేర్పే ఆ అందగత్తెను ముఠా తమ మనిషనుకుంటోంది. డిపార్ట్‌మెంటూ తమ మనిషనుకుంటోంది. తాను ఎవరి మనిషో ఆమెకైనా తెలుసా అని గిరి అనుమానం.

మర్నాడు గుత్తిలో, మూతబడ్డ నూనె మిల్లు ముందు కారాగింది. నల్లకళ్ళద్దాల లక్ష్మీప్రసన్న దిగి కోడ్ పలికింది.

"ఏమన్నా, ఈసారి శెనక్కాయ ఎట్లుండాది?"

"గింజ లేదు, అంతా పొట్టే."

వెనకాలే దిగిన జాయ్ మాటల మనిషి కాడు. బల్ల మీది మూడు యాక్షన్లనూ ఒక్కొక్కటే చేతిలోకి తీసుకున్నాడు. మొదటిదాని బోల్ట్ కాస్త వదులు. ఎంత దుమ్ములోనైనా ఆడుతుంది. దాన్ని వెంటనే పక్కన పెట్టేశాడు. రెండోదాని పిడి కొద్దిగా ఎత్తితే చాలు, తెరుచుకుంటుంది. నాలుగుసార్లు ఆడించి అదీ వద్దన్నాడు. మూడోది నూనె రాసిన అద్దంలా జారింది. లోపల వెంట్రుక దూరేంత సందు లేదు. బోల్ట్ పిడి మాత్రం ఎడమవైపు ఉంది.

"మీది కుడిచేతి వాటం," అన్నాడు గిరి ఇంగ్లీషులో. "పైగా ఇది ఈ దుమ్ముకు ఓర్చుకోదు."

నిజమైన వ్యాపారి ఆ మాట అనకుండా ఉండడు.

జాయ్ నవ్వి, కుడిచెయ్యి ట్రిగ్గర్ దగ్గరే ఉన్నట్టు ఉంచి, ఎడమచేత్తో బోల్ట్ లాగి మూశాడు. రెప్పపాటు పని. కుడిచెయ్యి కదలనే లేదు. "ఇదే కావాలి."

ఆ తర్వాత బోల్ట్ పిడిని మరతిప్పి ఊడదీసి గిరి ఒళ్ళోకి విసిరాడు. "పిడి నాది నాకుంది."

ట్రాన్స్‌మిటర్ గిరి ఒళ్ళోనే మిగిలింది. కారు వెనక వెళ్ళిన డిపార్ట్‌మెంట్ మనుషులు రైల్వే గేటు దగ్గర జాడ పోగొట్టుకున్నారు.

ఆ రాత్రి గిరికి కునుకు పట్టలేదు. ఒక్క తూటాతో పని ముగించేవాడికి అంత వేగం దేనికి?

ప్రారంభోత్సవం నాటి పొద్దున, షామియానా వెనక అతను లక్ష్మీప్రసన్నను నిలదీశాడు.

"వాడు రెండు గుండ్లు కాల్చేటట్లుండాడు."

"టార్గెట్ ఒకడే గదప్పా?"

"ఒకడికే అయితే ఆ బోల్ట్ కొనడు. జనం చెదిరేలోపల రెండోది పడాల వానికి. నిన్ను యాడ నిలబడమన్నాడు?"

ఆమె కళ్ళద్దాలు తీసింది. "స్టేజీ అంచున. సుదర్శన్ సార్ పక్కన."

"పని అయిపోయినాక నీతో వాళ్ళకేం అవసరం?"

"సార్ వచ్చే టైమూ, దోవా చెప్పింది నేనే. నన్ను దేశం దాటిస్తామన్యారు, నమ్మితి." ఆమె స్టేజీ అంచు వైపు తిరిగి చూసింది. ఒకవైపు హ్యాంగర్ గోడ, ఇంకోవైపు వాటర్ ట్యాంకు. ఆ రెంటి సందులో దూరంగా ఒకే ఒక్క బండరాళ్ళ గుట్ట. "ఆడున్యాడు వాడు."

గిరి ఫోన్ తీశాడు. ప్రారంభించడానికి వచ్చే మంత్రి భద్రత కోసం పెట్టిన జామర్ వల్ల సిగ్నల్ లేదు.

"సుదర్శన్ సార్‌ను కారు దిగనీయద్దు."

"మేమిద్దరం కనబడకుంటే వాడు గుట్ట దిగి మాయమైపోతాడు. సార్‌ను చేతనైనంత సేపు మాటల్లో పెడతా. తర్వాత నేను ఆడనే నిలబడతా. నువ్వు ఉరుకు!"

గుట్ట ఎక్కుతుంటే కాలిన బండలు అరచేతుల్ని చురుక్కుమనిపించాయి. కింద మైకులో సుదర్శన్ పేరు వినిపించింది. చప్పట్లు. గిరి తల తిప్పి చూశాడు. స్టేజీ అంచున ఆకుపచ్చ చీరలో లక్ష్మీప్రసన్న. కదలకుండా నిలబడి ఉంది. నిన్నటిదాకా అతను నమ్మని మనిషి ఈ క్షణాన అతని కాళ్ళనే నమ్ముకుని నిలబడింది.

రెండు బండల నడుమ జాయ్ బోర్లా పడుకుని ఉన్నాడు. వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుంటోంది.

దగ్గరికి చేరే వ్యవధి లేదు. చేతికందిన రాయి విసిరాడు గిరి. అది బారెల్‌కి ఖణేల్‌మని తగిలింది, తూటా పేలింది. కింద వాటర్ ట్యాంకు నుంచి నీళ్ళు చిమ్మాయి. జాయ్ ఎడమచెయ్యి అప్పుడే బోల్ట్ లాగేసింది. ఖాళీ తొడుగు ఎగిరింది. ఒక్క గెంతులో చేరిన గిరి, తెరుచుకున్న యాక్షన్ నోట్లోకి గుప్పెడు ఎర్రమట్టి కొట్టాడు.

జాయ్ బోల్ట్ నెట్టాడు. కిర్రుమని సగంలో ఆగింది. బలంకొద్దీ నెట్టాడు. కదల్లేదు. తల తిప్పేసరికి గిరి మోకాలు వాడి వీపు మీద ఉంది.

కాసేపటికి పోలీసులు జాయ్‌ని దించుకుపోయారు. కింద లక్ష్మీప్రసన్న ఎవరూ పిలవకుండానే జీపెక్కి కూర్చుంది. ముఠాలోని పేర్లన్నీ చీఫ్ ఇక ఆమె నోటితోనే వింటాడు.

గిరి ఊపిరి పీల్చుకుంటుండగా గుట్ట కింది నుంచి కేక వినిపించింది. కట్టె పట్టుకుని ఒక ముసలామె, గొర్రెలు మేపుకునే ఓబులమ్మ, ఎగశ్వాసతో వస్తోంది.

"ఏమప్పా, తుపాకులు కాల్చుకునేదానికి మీకు ఇంగ యాడా జాగా దొరకల్యా? నా గొర్రెలన్నీ బెదిరి దిక్కుకొకటి పోయె! ఎవురు తోలుకొస్తారు?"

జామర్ ఆపినట్టున్నారు, ఫోన్ మోగింది. నాగేశ్వరయ్య.

"గిరీ! అందరూ దొరికారా?"

గిరి గుట్ట చుట్టూ కలయజూశాడు.

"ఇంకా ముప్పై దాకా పరారీలో ఉన్నాయి సార్. ఒకటి మాత్రం వాటర్ ట్యాంకు దగ్గర నీళ్ళు తాగుతోంది."