ఎర్ర డబ్బాలో ఒకటో నంబరు

ఇచ్చోడ దాబాలో చాయ్ గ్లాసు సగమన్నా ఖాళీ కాకముందే హనుమండ్లు గొంతు పూడుకుపోయింది.

అరవడానికి నోరు తెరిచాడు. శబ్దం రాలేదు. దాబా నడిపే ఐలవ్వ పరుగున వచ్చేసరికి బల్ల మీదికి వాలిపోయి ఉన్నాడు. వేలి కణుపుతో బల్ల మీద ఒక్కసారి కొట్టి, కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. తర్వాత మూడుసార్లు కొట్టి, అవునన్నట్టు ఊపాడు. ఐలవ్వకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్లీ కొట్టి చూపించబోయాడు గానీ, అంత ఆయుష్షు లేదు. హైవే మీద లారీలు ఎవరి దారిన అవి పోతూనే ఉన్నాయి.

మర్నాడు కరీంనగర్‌లో ఒక విత్తనాల దుకాణం ముందు జీపు ఆగింది. దిగినవాడు ఏజెంట్ శ్యాంసుందర్‌రావు. బోథ్‌లో పెద్ద ఆసామి కొడుకు. పత్తి చేలు చూసుకోరా అని బాపు నెత్తీ నోరూ కొట్టుకున్నా వినకుండా ఈ ఉద్యోగంలో చేరాడు. మనుషుల మీద జాలి తక్కువ, పని మీద ధ్యాస ఎక్కువ.

"పోయినేటి పత్తి గింజలు ఉన్నయా?"

"పురుగు పట్టినయే మిగిలినయి."

"గవే కావాలె."

కోడ్ కలిసింది. వెనక గది తలుపు తెరుచుకుంది. లోపల చీఫ్ గోపాల్‌రావు సిగరెట్ మీద సిగరెట్ కాలుస్తున్నాడు.

"కూసో శ్యాం. మందమర్రిల ఒక బొగ్గు బాయి. మెయిన్ ఫ్యాన్, గ్యాస్ అలారం రెండూ ఇప్పుడు కంప్యూటర్ చేతిల ఉన్నయి. రేపు దానికి ఫ్లాపీలతోటి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. విదేశీ బొగ్గు అమ్ముకునే గ్యాంగ్ ఒకటి దాంట్ల వేలు పెట్టింది. ఫ్యాన్ ఆగి గ్యాస్ నిండి, అలారం మూగబోయి, అండ్ల బ్లాస్టింగ్ జరిగిందనుకో, బాయి మొత్తం పేలిపోతది. గప్పుడు మన పవర్‌హౌస్‌లకు వాళ్ల ఓడలే దిక్కు."

"లోపల ఎంతమంది ఉంటరు?"

"షిఫ్టుకు రెండొందల పైన."

"ఫ్లాపీలల్ల వైరస్ ఉన్నదా?"

"లేదు. మన ల్యాబ్ జల్లెడ పట్టింది. ఏం దొరకలే. మన ఏజెంట్ హనుమండ్లు మాత్రం నాగపూర్‌ల ఆ ఫ్లాపీలు తయారైన చోటికి పోయి ఏదో కనిపెట్టిండు. ఫోన్ల చెప్పనని బయలెల్లిండు, ఇచ్చోడ దాటలే. నల్లద్దాలు పెట్టుకున్న ఆమె ఎవరో పక్కన కూసొని, తన పర్సులకెల్లి చక్కెర తీసి ఆని చాయ్‌ల కలిపిందట." చీఫ్ సిగరెట్ నలిపేశాడు. "ఆని బాపు బొగ్గు బాయి పనోడే. సావంగ బల్ల మీద ఏందో కొట్టిండట గానీ, ఎవ్వలకు తెల్వలే. ఐలవ్వ చూసింది చూసినట్టు చెప్పింది. ఒక్కటి కొట్టి కాదన్నడట, మూడు కొట్టి అవునన్నడట."

"ఆ గ్యాంగ్‌ల మనోళ్లు ఎవరన్నా ఉన్నరా?"

"ప్రమోదిని. అప్‌డేట్ పంపిన కంపెనీల ఇంజనీర్. గ్యాంగ్‌ల మన మనిషి. ఆమె చెప్పినట్టు ఇను." బల్ల మీదికి ఒక స్క్రూడ్రైవర్ దొర్లించాడు. "పిడిల ఒక్కటే తూటా ఉన్నది. ఆగం చెయ్యకు."

మందమర్రి గనిలో కంట్రోల్ రూమ్, బాయిలోకి నిలువునా దిగే షాఫ్ట్ పక్కనే ఉంది. మరుసటి రోజు ఖాకీ చొక్కాలో కంప్యూటర్ మెకానిక్‌గా వెళ్లాడు శ్యాం. కీబోర్డు ముందు కూర్చున్న ఆపరేటర్ పేరు అంతయ్య. మనుషుల్ని బాయిలోకి దించి, పైకి తెచ్చే ఇనుప బోను, కేజీని ఇరవయ్యేళ్లు నడిపినవాడు. చెయ్యి నలిగితే ఈ కుర్చీలో కూర్చోబెట్టారు. అతని కొడుకు రాయమల్లు ఆ పూట లోపలే ఉన్నాడు.

"పోరనికి బ్లాస్టింగ్ డ్యూటీ సారు. నాకు ఫికరే," అన్నాడు అంతయ్య.

ప్రమోదిని వచ్చింది. షిఫాన్ చీర, నెత్తి మీదికి తోసిన నల్లద్దాలు, గదంతా సెంటు వాసన. అందగత్తె అనడానికి ఎవరి సాక్ష్యమూ అక్కర్లేదు.

"ఏజెంట్‌గారూ," అంది అంతయ్యకు వినపడకుండా. "ఫ్లాపీలు క్లీన్. నేనే చెక్ చేశాను. టీ తీసుకోండి." పర్సులోంచి చిన్న డబ్బీ తీసి, తెల్లటి పొడి కలిపి గ్లాసు అందించింది.

శ్యాం గ్లాసును చూశాడు, పర్సును చూశాడు, నల్లద్దాలను చూశాడు. "జర చల్లారనియ్యండి మేడం," అని మానిటర్ పక్కన పెట్టాడు.

అప్పుడే ఆమెను పట్టుకోవచ్చు. పట్టుకుంటే ఫ్లాపీలో ఏముందో చెప్పదు, గ్యాంగ్ ఇంకో దారి వెతుక్కుంటుంది. రెండొందల ప్రాణాలను పందెంలో పెట్టి చూద్దామనుకున్నాడు శ్యాం. అతను మంచివాడని ఎక్కడా చెప్పలేదు కదా.

చివరి ఫ్లాపీ డ్రైవ్‌లో కిర్రుమంది. ఉన్నట్టుండి తెర మీద ఎర్ర డబ్బా ఒకటి ప్రత్యక్షమైంది. ఫ్యాన్ కంట్రోల్ ఫైల్ సరిపోలడం లేదని ఇంగ్లీషులో ఒక ముక్క. దాని కింద మూడు మాటలు: 1 ఇగ్నోర్, 2 రీట్రై, 3 అబార్ట్.

బయట ఫ్యాన్ హోరు తగ్గసాగింది.

"గిసొంటి డబ్బా ఎన్నడు రాలే సారు!" అంతయ్య పరేషాన్ అయ్యాడు. "గీ ఇంగ్లీషు నాకు రాదు. ఏం చెయ్యాలె?"

"ఆపెయ్ అంతయ్యా! వెంటనే ఆపెయ్!" అంది ప్రమోదిని. ఏది నొక్కాలో మాత్రం చెప్పలేదు.

అంతయ్య వేలు సూటిగా ఒకటి మీదికి పోయింది. శ్యాం ఆ మణికట్టు ఒడిసి పట్టుకున్నాడు.

"ఒకటెందుకే?"

"ఆపుమన్నది గద సారు! బాయి మీద ఒక్క గంట కొడితే ఆపు. రెండు కొడితే దించు. మూడు కొడితే పైకి గుంజు. నిద్రల లేపి అడిగినా గదే!"

"అబార్ట్ కొడితే ఫ్యాన్ పూర్తిగా పోతుంది!" ప్రమోదిని అరిచింది. "ఈ ప్రోగ్రామ్ రాసింది నేను. ఒకటి నొక్కనివ్వండి!"

ఒక్క క్షణం శ్యాంకూ ఏది నిజమో తోచలేదు. ఆ మరుక్షణం ఇచ్చోడ బల్ల మీద హనుమండ్లు వేలు గుర్తొచ్చింది. ఒక్క దెబ్బ, కాదు. మూడు దెబ్బలు, అవును.

బాంబు లేదు, వైరస్ లేదు. డబ్బాలో వరుస మార్చి, ఆపే అబార్ట్‌ను మూడో నంబరుకు తోశారు, అంతే. గని మనిషి చెయ్యి ఆపడానికి ఒకటి మీదికే పోతుందని వాళ్లకు తెలుసు. ఒకటి నొక్కితే చెడిన ఫైలే ఖాయమవుతుంది. మూడు నొక్కితేనే పాతది తిరిగొస్తుంది. రేపు ఎంక్వైరీలో తప్పు అంతయ్య వేలిదవుతుంది. సొంత కొడుకును చంపుకున్న ఆపరేటర్ అని ఊరు ఊరంతా ఉమ్మేస్తుంది.

ఆమె చేతిలోకి పిస్టల్ వచ్చింది.

"తెలివైనవాడివే. నొక్కు అంతయ్యా. నీ వేలే కావాలి నాకు."

"మేడం, నా కొడుకు లోపలున్నడు!"

"తెలుసు. అందుకే ఈ షిఫ్టు ఎంచుకున్నాం. కొడుకు లోపలుండగా కావాలని నొక్కావనుకోరు, నీ పొరపాటే అనుకుంటారు."

స్క్రూడ్రైవర్ పేలింది. తూటా ఆమె చేతిలోంచి దూసుకుపోయింది, పిస్టల్ ఎగిరిపడింది. శ్యాం మూడు నొక్కాడు. ఫ్యాన్ హోరు ఇంకా తగ్గుతూనే ఉంది. లోపల బ్లాస్టింగ్ సైరన్ మొదలైంది. అంతయ్య కళ్లు మూసుకున్నాడు. సైరన్ ఆగేలోపు ఫ్యాన్ మళ్లీ ఊపందుకుంది. లోపల పేలింది బొగ్గు మాత్రమే.

ఈ సందట్లో ప్రమోదిని షాఫ్ట్ దగ్గరికి పరుగెత్తింది. కిందికి దిగితే అవతల ఏటవాలు ఇంక్లైన్ దారిలో నడిచి బయటికి పోవచ్చు, అక్కడ గ్యాంగ్ కారు సిద్ధంగా ఉంది. కేజీ ఎక్కింది. నెత్తురోడుతున్న చేతితోనే గంట తాడు రెండుసార్లు లాగింది. ఆమెకు గంటలన్నీ తెలుసు మరి. కేజీ దిగసాగింది.

శ్యాం, అంతయ్య షాఫ్ట్ అంచుకు చేరేసరికి ఆమె చీర రంగు చీకట్లో కలిసిపోతోంది.

"అంతయ్యా, నీకు అలవాటైంది కొట్టు."

అంతయ్య తాడు ఒక్కసారి లాగాడు.

కేజీ నడి షాఫ్ట్‌లో టక్కున ఆగింది. పైన వెలుతురు లేదు, కింద నేల లేదు. కాసేపటికి ఆమె కేకలు మొదలయ్యాయి. పైకి లాగమని బతిమాలింది, గ్యాంగ్‌లో అందరి పేర్లూ చెబుతానంది. శ్యాం తీరిగ్గా అన్నీ విన్నాడు. చెప్పిన పేర్లు చెప్పినట్టు గుర్తు పెట్టుకున్నాడు.

"చెయ్యికి నెత్తురు కారుతున్నది సారు," అంతయ్య అన్నాడు. "మూడు కొట్టాల్నా?"

"కొడుదాం తియ్యి. ముందుగాల మనం చాయ్ తాగుదాం."

"ఆమెకు?"

"కొత్తది వద్దు. మానిటర్ పక్కపొంటి నా గ్లాసు ఉన్నది. జర ఎచ్చవెట్టి ఉంచు."