దిబ్బ మీది బెలూన్

"డాక్టర్ రీనర్ అని ఓ దొర, ఏటిగట్టు పక్కనున్న పాతదిబ్బని బెలూన్ కెమెరాతో ఫోటోలు తీస్తున్నాడు. మూడువేల ఏళ్ళనాటి మట్టికట్టలు నేలమీద ఆనవట, పైనుంచి గీతల్లా తేలతాయట. అసలు పనేంటో కనుక్కోండి బ్రహ్మంగారూ," అన్నాడు రాజమహేంద్రవరంలో చీఫ్ పల్లంరాజు. "మన మనిషి ఒకరు ఇప్పటికే అక్కడున్నారు. ఎవరో నాకూ తెలీదు."

1897 ఆగస్టు. కూలీ వేషంలో ఏజెంట్ వీరబ్రహ్మం బెలూన్ బుట్ట ఎక్కాడు. అయిదువందల అడుగుల ఎత్తునుంచి చూస్తే దిబ్బ చక్కటి వలయం. పచ్చగడ్డి మీద మాత్రం కొత్తగా తవ్విన నల్లగీత ఒకటి, దిబ్బలోంచి నీళ్ళలోకి, దొర లాంచీ వైపు.

కరెంటు తీగ! అంటే దిబ్బలో డైనమైట్.

దిగేసరికి రీనర్ పిస్తోలుతో ఎదురుగా ఉన్నాడు.

"చూసేశావా? గట్టు తెగితే మీ కొత్త రైలుకట్ట పోతుంది. వెనకున్న జాలరిపేట సంగతి నాకనవసరం. పైనుంచి చూస్తూ కూర్చో. పది నిమిషాలు!"

దొర దగ్గర ఫోటోలు కడిగే రామతులసి, పట్టుచీర చెరగు దోపుకుని, వీరబ్రహ్మం చేతులు వెనక్కి విరిచి కట్టింది.

"బిగుతుగా ఉందాండీ?"

"చాలానండి."

"అయ్యో!" అంది. వదులు చెయ్యలేదు.

అతన్ని బుట్టలోకి తోశారు. బెలూన్ మళ్ళీ లేచింది. అరిస్తే గాలికి వినబడదు. తాడు పట్టుకు జారే టైం లేదు. కింద పేటలో ఎవరింట్లోనో పొయ్యి పొగ లేస్తోంది. వీరబ్రహ్మం విసుగ్గా చేతులు గుంజాడు. ముడి జారిపోయింది! ఆవిడకి మనసులో దండం పెట్టుకున్నాడు.

ఏట్లో పడవలున్నాయి. పులసలు ఎదురెక్కే రోజులు. చేపల గుంపు పడవలోవాళ్ళకి ఆనదు. ఎత్తున నిలబడ్డవాడు గుడ్డ తిప్పి చెయ్యి చూపితే వలలు అటు పడాలి. జాలరింట పుట్టిన వీరబ్రహ్మానికి అది ఎవరూ నేర్పక్కర్లేదు. ఎర్ర తలపాగా విప్పి గిరగిరా తిప్పాడు. లాంచీ పక్కకి చెయ్యి చాపాడు.

"ఒరే, గుంపురా! వలెయ్యండ్రా!" ముందు పడవలోని జాలరి బుల్లియ్య గొంతు చించుకున్నాడు. ఏడు పడవలు ఎగబడ్డాయి. వల మునిగింది.

"పొండి! పొండి!" లాంచీలోంచి అరుస్తూ రీనర్ డైనమైట్ పేల్చే హేండిల్ అందుకున్నాడు.

"ఏంటింత బరువు? లాగండ్రోయ్!"

ఫట్‌మంది. తెగిన తీగ వలతోపాటు పైకొచ్చింది. అదే క్షణంలో రీనర్ హేండిల్ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. దిబ్బ కదల్లేదు. అతని వీపుకి చల్లగా ఏదో తగిలింది.

"చేతులు వెనక్కి పెట్టండి డాక్టరుగారూ," అంది రామతులసి. "ఈసారి నిజంగానే బిగుతుగా కడతాను."

బెలూన్ దించగానే బుల్లియ్య మీదికొచ్చాడు. "పులసలేవండీ? మమ్మల్ని వెర్రివాళ్ళని చేశారేంటి?"

వీరబ్రహ్మం లాంచీలో కట్టిపడేసిన దొరని చూపించాడు. "ఇదొక్కటే పడిందండి."

బుల్లియ్య ఎగాదిగా చూసి పెదవి విరిచాడు.

"దీనికి చింతపండు కూడా దండగేనండి."