నాలుగడుగుల బెల్టు

మొన్న గోదావరి ఊళ్లోకి వచ్చినప్పుడు మా జీపు మూడు రోజులు నీళ్లలో నిలబడింది. వరద తీశాక చూస్తే, కాళ్ల కింద పరిచిన తివాచీలో చేపలు కాపురం పెట్టి పిల్లల పెళ్లిళ్లు కూడా చేసేశాయి. ఆ కంపుకు మా వీధి కుక్కలు పక్క ఊరికి వలస పోయాయి. ఆ జీపు లేకపోతే మాకు పూట గడవదు. అడవి పల్లెల నుంచి మనుషుల్నీ చింతపండునూ భద్రాచలం చేర్చేది అదే. కిరాయిలు నేను మాట్లాడతాను, తమ్ముడు సారయ్య నడుపుతాడు. ముప్పై ఏళ్లు బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన మనిషి.

మణుగూరులో మెకానిక్ భద్రు మూడు రకాల ముక్కలు తెచ్చి ముందు పరిచాడు.

"గుడ్డ తివాచీ మళ్ల వద్దు పెద్దమ్మా. నీళ్లు తాగి కింద రేకును తినేస్తది. వినైల్ షీటైతే తుడిస్తే పోతది. కాదంటే రబ్బరు మ్యాటు."

వినైల్ మీద చెయ్యి వేశాను. కొత్త పెళ్లికొడుకు బుగ్గలా నున్నగా ఉంది. మనసు పారేసుకున్నాను.

సారయ్య నవ్వాడు. "మేకపిల్ల ఎక్కితే చినుగుతది అక్కా గది. నేను తెచ్చింది చూడు."

పాత సామాన్ల దుకాణం నుంచి తెచ్చిన నల్లటి చుట్టను దొర్లించాడు. బాయిలోంచి బొగ్గును పైకి మోసే బెల్టు ముక్క. మా దిక్కు గడపల ముందు, గొడ్ల కొట్టాల్లో, ఎక్కడ చూసినా అదే పరుస్తారు. ఏనుగులు దాని మీద ఊరేగింపు తీసినా అరగదు.

తిప్పి చూస్తే అడుగున పసుపు, మూడు కుంకుమ బొట్లు.

"దసరాకు పూజ చేసిండ్రురా!" అని మురిసిపోయాను. సారయ్య ఒక్క క్షణం ఆగి, తలూపాడు.

భద్రు జీపు కొలతకు కోశాడు. నాలుగంటే నాలుగు అడుగులు. ముందు సీట్ల కింది నుంచి డాష్‌బోర్డు దాకా పరిచాడు.

మధ్యాహ్నం మూడింటికి బయలుదేరాం. అడవి నడుమ వాన కుండలు కాదు, చెరువులే కుమ్మరించింది. ముందున్న వాగు రోడ్డెక్కింది. వెనక్కి తిప్పితే, ఇందాక దాటి వచ్చిన వాగు కూడా ఎర్రగా పొంగుతోంది. అటు పోలేం, ఇటు పోలేం. అద్దాలు ఎక్కించుకుని జీపులోనే కూర్చున్నాం.

మొదట వాసన వచ్చింది. రబ్బరుది కాదు. తడిసిన బొగ్గు వాసన, దాని వెనక ఇంకేదో తియ్యటి కుళ్లు. తర్వాత సన్నగా గరగర. ఎక్కడో లోతులో రోలర్లు తిరుగుతున్నట్టు.

"ఇంజన్ బంద్ చెయ్‌రా."

"ఎప్పుడో చేసిన అక్కా."

నా కాళ్లు జరిగాయి. నేను జరపలేదు. జానెడు ముందుకు... డాష్‌బోర్డు కింది చీకట్లోకి. వెనక్కి లాక్కున్నాను. మళ్లీ జరిగాయి. రెండు కాళ్లూ సీటు మీదికి ముడుచుకున్నాను. డెబ్బై రెండేళ్ల మోకాళ్లు దీపావళి టపాసుల్లా పేలాయి.

"సారయ్యా, కాళ్లు పైకి తియ్యి..."

"వస్తలేదు."

అతని కుడి పాదం పెడళ్ల వెనక్కి వెళ్లిపోయింది. డోరు లాగాను. రాలేదు. అతని వైపుదీ రాలేదు. అద్దం దిగలేదు.

"అక్కా... పూజ బొట్టు పైన పెడతరు. అడుగున పెట్టేది..."

"దేనికిరా?"

"బెల్టు మీద మనిషి సచ్చిపోతే, ఆ ముక్కకు. కోసి, బొట్టు పెట్టి, పాతిపెడతం. మళ్ల ఎవ్వలు వాడొద్దని."

"తెలిసి ఎట్ల తెచ్చినవ్‌రా!"

"నువ్వు దసరా అంటివి గదా... గదే నిజం గావాలనుకున్న."

పిక్క దాకా పోయింది. లోపల ఏదో కటుక్కుమంది. సారయ్య అరవలేదు, స్టీరింగును కొరికాడు.

"తీగ లాగు అక్కా! బెల్టు పక్కన తీగ ఉంటది, లాగితే ఆగుతది!"

"ఇది జీపురా, బాయి కాదు!"

"లాగు..."

సీటు కింద తడిమాను. ఇనుము. బురద. ఇంకా లోపలికి... చేతికి తగిలింది. సన్నగా, చల్లగా, తీగ. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగాను.

గరగర ఆగింది. డోర్లు రెండూ వాటంతటవే తెరుచుకున్నాయి.

సారయ్య కాలును రెండు చేతులతో బయటికి లాగాను. వాగు తీసేదాకా రోడ్డు మీద వానలోనే కూర్చున్నాం. తర్వాత ఒక ట్రాక్టరు వచ్చి మమ్మల్నీ జీపునూ లాక్కుపోయింది. దవాఖానాలో సారయ్య కాలికి తొడ దాకా కట్టు కట్టారు.

మర్నాడు ఎండ ఫెళ్లున కాస్తుండగా భద్రు షెడ్డు ముందు ఉన్నాం. సారయ్య కట్టుకాలు చాపుకుని బల్ల మీద కూర్చున్నాడు. మనిషి పట్టుకోనిదే లేవలేడు.

"పీకెయ్ భద్రూ. గోదావరిల పారెయ్," అన్నాడు.

భద్రు అంచు పట్టుకుని బయటికి లాగాడు. ఒక అడుగు. రెండు. మూడు. నాలుగు. అక్కడితో అయిపోవాలి.

ఐదు. ఆరు.

వంద అడుగులని చెప్పాలని నాకూ ఉంది. కానీ లెక్కపెట్టాను. ఎనిమిదో అడుగు నుంచి దాని మీద బొగ్గు ఉంది, అప్పుడే తవ్వినట్టు తడిగా. పదకొండో అడుగు వచ్చేసరికి దాని కొస మట్టిలో పాకి, సారయ్య బల్ల వైపు తిరిగింది.

"వదిలెయ్ భద్రూ! లాగకు!" అని కేక పెట్టాను.

భద్రు నా వైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. ఖాళీగా ఉన్నాయి.

పన్నెండు... పదమూడు...