చేరిన ఫారాలు, చేరని జవాబు

ఆమె మూడు రోజులుగా ఒకటే మాట అంటోంది: సర్వరు జవాబివ్వడం లేదని. అతను మూడు రోజులుగా ఒకటే మాట అంటున్నాడు: ఫారాలు వస్తూనే ఉన్నాయి, తప్పు పేజీలో ఉందని.

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇద్దరూ మూర్ఖులు. వాళ్ళ గదుల మధ్య ఉన్నది ఒక్క గోడ. లేచి వెళ్ళి అవతలి తెర చూసి ఉంటే గంటలో తేలేది. వెళ్ళలేదు. మెసేజీలు పెట్టుకున్నారు.

పని పశువుల ఆసుపత్రిది. జబ్బు చేసిన కుక్కనో ఆవునో తీసుకొచ్చేవాళ్ళు ఇంటినుంచే ఫారం నింపి టైము తీసుకోవాలి. నింపే పేజీ ఆమె చేసింది. నింపినదాన్ని అందుకుని దాచే సర్వరు అతనిది. శుక్రవారం నాలుగింటికి డాక్టరమ్మ వచ్చి చూస్తుంది. ఆమె మూడు నెలల ట్రయల్ మీద చేరింది. పేజీ పనిచేయకపోతే ఆ రోజుతో ఇంటికే. మేనేజరు ఆ సంగతి మర్యాదగా రెండుసార్లు గుర్తుచేశాడు.

శుక్రవారం పొద్దున వాన. ఆమె మళ్ళీ అదే మెసేజీ పెట్టింది. అతనికి ఒళ్ళు మండింది. వచ్చిన ఫారాలన్నీ ఆమె ముందు పెడదామని వాటిని తెరిచాడు. అప్పటిదాకా ఎన్ని వచ్చాయో చూశాడే కాని, ఏముందో చదవలేదు. ఇరవై మూడున్నాయి.

మొదటిది ఇలా ఉంది. జంతువు: ఎద్దు. ఉండే చోటు: వెనక గది. ఇబ్బంది: పలకరిస్తే మూతి ముడుచుకుంటుంది.

నాలుగోది. అదే ఎద్దు. ఇబ్బంది: లిఫ్టులో నవ్వింది. నన్ను చూసి కాదు, ఫోను చూసి. అయినా బాగుంది.

పదకొండోది. నీలం చొక్కా వేసుకొచ్చింది. రోజూ వేసుకొస్తే ఎవరికైనా ప్రమాదం.

అతను తన చొక్కా చూసుకున్నాడు. తెల్లది. ఇంటికెళ్ళి మార్చుకొస్తే ఎలా ఉంటుందని కూడా ఆలోచించాడు, ముప్పై ఏళ్ళ మనిషి.

ఇరవై మూడోదానిలో జంతువు మారింది. జంతువు: నేను. ఇబ్బంది: గోడ అవతల కుర్చీ కదిలితే ఇక్కడ నా పని ఆగిపోతోంది. సోమవారంనుంచి ఆ చప్పుడు వినపడదు. మందుందా?

అప్పుడు వెలిగింది అతనికి. పేజీ ఒక చిరునామాలో, సర్వరు ఇంకో చిరునామాలో ఉన్నాయి. 'ఈ పేజీ నాకు తెలుసు' అని సర్వరు బ్రౌజరుకు చెప్పాలి. చెప్పకపోతే ఫారం చేరుతుంది కాని, జవాబును బ్రౌజరు పేజీకి అందనివ్వదు. ఎర్ర అక్షరాల్లో తప్పు చూపిస్తుంది. ఆ ఎర్ర అక్షరాలు చూసి, అతని మాట నమ్మక, ఏదీ చేరడం లేదనుకుని ఆమె మనసులో ఉన్నదంతా రాసి పారేసింది.

సర్వరులో ఒక్క వరుస రాయాలి. రాయనిది అతనే.

రాశాడు. ఇక ఆ ఇరవై మూడూ చెరిపేసి ఊరుకోవచ్చు. ఆమెకు ఎన్నటికీ తెలియదు. అతని మొహం ఎర్రబడే అవసరమూ ఉండదు. చెప్పవలసిన మాటను ఇలాగే దాటేసి బతికేవాళ్ళు బోలెడుమంది. వాళ్ళను క్షమించకూడదు.

అతను దాటేయలేదు. 'నమోదైంది' అని ఉన్న జవాబు మార్చి, ఇంకోసారి పంపి చూడమని మెసేజీ పెట్టాడు.

ఆమె విసుగ్గా మీట నొక్కింది. తెర మీద ఎర్ర అక్షరాలు రాలేదు. జవాబు వచ్చింది: 'ఇది ఇరవై నాలుగోది. ముందువి ఇరవై మూడూ చేరాయి. అన్నీ చదివాను. తప్పు నాది.'

గోడ అవతల ఆమె కుర్చీ ధడాలున వెనక్కి పడింది.

పది నిమిషాలకు ఫారం వచ్చింది. జంతువు: చెప్పను. ఇబ్బంది: సిగ్గుతో చచ్చేలా ఉన్నాను. డాక్టరు ఎప్పుడు చూస్తారు?

అతను జవాబు మార్చబోయి, మానేసి, లేచాడు.

ఆమె తెరకేసి తిరిగి కూర్చుని ఉంది. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"చెరిపేశారా?" అంది తిరక్కుండానే.

"డాక్టరమ్మ చూసే జాబితాలోంచి తీసేశానండీ."

"మీ దగ్గర?"

"ఉన్నాయి."

"సిగ్గులేదూ?"

"ఉంది. అందుకే మూడు నెలలు ఈ గదిలోకి రాలేదు."

ఆమె తిరిగింది. "ఏదో చెప్పడానికొచ్చారు. తెర మీద కాదు, నోటితో చెప్పండి."

"సోమవారం మీరు ఇక్కడ లేకపోతే నాకు పనికి రాబుద్ధి కాదు." ఒక్క గుక్కలో అనేసి, ఊపిరి తీసుకున్నాడు.

"ఎద్దుకి మాటలొచ్చాయే," అంది ఆమె. నవ్వాపుకోవడం చేతకాలేదు.

నాలుగింటికి డాక్టరమ్మ ఒక గేదెకు టైము తీసుకుంది. వెంటనే జవాబు వచ్చింది. ఇంకో రెండు గేదెలకు తీసుకుని, బాగుందంది. సోమవారం కూడా రమ్మని మేనేజరు ఆమెకు చెప్పాడు.

మెట్ల మీద నిలబడి ఆమె ఇంటికి ఫోను చేసింది. అతను పక్కనే ఉన్నాడు. ఉద్యోగం నిలిచిందని, ఇంకో సంగతి కూడా ఉందని చెప్పింది.

"ఇంకో సంగతంటే అబ్బాయేగా," అంది తల్లి. "గొంతులో తెలుస్తోందే. ఆదివారం భోజనానికి తీసుకురా. ఎన్నింటికొస్తాడో అడుగు."

ఆమె అడిగింది. ఎప్పుడైనా సరే అన్నాడు అతను.

"వినపడింది. అలాంటి కబుర్లు నాకొద్దు, టైము చెప్పమను."

అతను ఫోను మీదికి వంగాడు. "పన్నెండింటికి వస్తానండీ."

"పదకొండున్నరకి రా నాయనా," అంది తల్లి. "నిన్ను చూడాలి కదా."