ఆవిరి సరిపోవడం లేదండీ

"మీ బాయిలర్ నా కొంప ముంచింది!"

ఫోన్లో మొదటి మాటే అది. హలో లేదు, నమస్కారం లేదు. ఇంజనీరు ఉలిక్కిపడ్డాడు.

"ఏమైందండీ?"

"ముదురు నీలం రావాల్సిన తువ్వాళ్ళు వెలిసిపోయి వచ్చాయి. ఆవిరి సరిపోవడం లేదు. వస్తారా, మీ బాయిలర్ని పీకి బయట పెట్టించమంటారా?"

రెండు బస్సులు మారి వెళ్ళక తప్పలేదు.

తువ్వాళ్ళకి రంగులు వేసే ఆ ఫ్యాక్టరీలో పాత బొగ్గు బాయిలర్ తీసేసి, కరెంటుతో ఆవిరి పుట్టించే కొత్తది అతనే బిగించాడు. పొగ లేదు, బూడిద లేదు. యజమానురాలు మురిసిపోయింది. ఆవిడ మేనకోడలు మాత్రం మురవలేదు. ఆ ఫోన్ చేసింది ఆమే. రంగుల విభాగమంతా ఆ అమ్మాయి చేతిలోనే ఉంది. బాయిలర్ బాగా పనిచేస్తోందని ఆమె సంతకం పెడితే తప్ప కంపెనీ అతన్ని పేపర్ మిల్లు పనికి పంపదు. పారబోసే వేడినీళ్ళలోంచి వేడిని లాగి, దానితోనే మళ్ళీ ఆవిరి తయారుచేసే యంత్రం అక్కడ పెడుతున్నారు. ఆ పని కోసం అతను రెండేళ్ళుగా కలలు కంటున్నాడు.

మోచేతుల దాకా నీలం పూసుకుని, ఆ అమ్మాయి తువ్వాలు అతని ముఖం ముందు పరిచింది.

"ఇది ముదురు నీలమా?"

"నీలంలాగే ఉందండీ."

"కళ్ళు చూపించుకోండి."

అతను పళ్ళు నూరుకుంటూ గొట్టాలన్నీ తడిమి చూశాడు. "మూడు రంగు తొట్లకీ ఒకేసారి ఆవిరి వదులుతున్నారా?"

"ఆర్డర్లు ఒకేసారి వస్తే ఏం చెయ్యమంటారు?"

"పాతదానికి పొట్ట పెద్దదండీ. అందరూ ఒక్కసారే లాగినా తట్టుకునేది. ఇది ఎప్పటికప్పుడు వండి పెట్టే రకం."

"అయితే దీనికీ ఒక పొట్ట పెట్టండి!"

ఆ మాట నిజమే కావడంతో అతనికి మరీ ఒళ్ళు మండింది. ఆవిరి నిల్వ చేసే ట్యాంకు ఒకటి తెప్పించి బిగించాడు. నీలం కుదిరింది. సంతకం మాత్రం కుదరలేదు.

వారం తిరక్కుండా మళ్ళీ ఫోన్. "ఆవిరి తడితడిగా వస్తోందండీ." వెళ్ళి చూస్తే శుభ్రంగా ఉంది.

ఇంకో వారానికి, "బాయిలర్ చప్పుడు చెయ్యడం లేదండీ."

"అది చప్పుడు చెయ్యదండీ! మీటర్ చూడండి."

"చూశాను. బాగానే ఉంది."

"మరింకేం?"

"బాగుందని మీరొచ్చి చెప్పాలి కదా."

అతను వెళ్ళాడు. కానీ ఆ రోజు ఓపిక అయిపోయింది. "బాగున్నదానికి నన్నెందుకు పిలుస్తారండీ? నాకు వేరే పనే లేదా? దండం పెడతాను, సంతకం పెట్టెయ్యండి. మళ్ళీ ఈ గేటు తొక్కను!"

ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. సంతకం పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది.

ఎగిరి గంతెయ్యాల్సిన మనిషికి పేపర్ మిల్లులో మనసు నిలవలేదు. ఫోన్ మోగినప్పుడల్లా జేబు తడుముకునేవాడు. ప్రతిసారీ మేనేజరే. తన మీద తనకే విసుగొచ్చింది. ఒక సెలవు రోజు, జోరు వానలో, గొడుగు కూడా మరిచిపోయి ఆ గేటు తొక్కాడు.

ఆ అమ్మాయి అతన్ని ఎగాదిగా చూసింది. "ఏంటిలా వచ్చారు?"

"ఫ్రీ సర్వీసండీ. బర్నర్ శుభ్రం చేద్దామని."

"కరెంటు బాయిలర్‌కి బర్నర్ ఎక్కడుందండీ?"

ఇంజనీరు చెవులు ఎర్రబడ్డాయి.

"అది కాదండీ... మీరు ఫోన్ చెయ్యకపోతే చిరాగ్గా ఉంటోంది."

"చేస్తే చిరాకు, చెయ్యకపోతే చిరాకు! అసలు మీ బాధేంటి?"

"మీరంటే ఇష్టమండీ. అదే బాధ."

ఆమె చేతిలో ఉన్న తువ్వాలు తీసి అతని మీదికి విసిరింది. "ముందు తల తుడుచుకో! తడి అన్నాను, చప్పుడు లేదన్నాను, ఇంకేం చెప్పి పిలవమంటావ్? వచ్చినప్పుడల్లా ఆ మీటర్నే చూస్తావు. పక్కన మనిషి నిలబడి ఉందని ఒక్కసారైనా చూశావా నువ్వు?"

'నువ్వు' అనేసరికి ఇద్దరూ ఠక్కున ఆగిపోయారు.

"పొగగొట్టం తీయించినా నా ఫ్యాక్టరీలో పొగ ఆగలేదు." గుమ్మంలో మేనత్త నవ్వు ఆపుకుంటోంది. "బాబూ, మీ అమ్మగారికి ఫోన్ కలుపు. మా అన్నయ్య సంగతి నేను చూసుకుంటాను."

అతను ఫోన్ కలిపాడు. "అమ్మా... అదీ... ఇక్కడ బాయిలర్..."

"సెలవు రోజు కూడా బాయిలరేనా? నీకో పెళ్ళీ పెటాకులూ లేవురా?" అవతలి కేక గది అంతా వినిపించింది.

అతను అలవాటుగా మీటర్ వైపు చూశాడు. ఆ అమ్మాయి ఇక లాభం లేదని ఫోన్ లాక్కుంది.

"నమస్కారం అత్తయ్యగారూ."

అవతల భయంభయంగా ఒక గొంతు. "ఎవరమ్మా నువ్వు? మావాడేం నిర్వాకం చేశాడు?"

"ఇన్నాళ్ళూ ఏమీ చెయ్యలేదండీ," అంది ఆ అమ్మాయి. "అందుకే నేనే మాట్లాడాల్సి వస్తోంది."